ఊపిరికి కొలత వేసేదెవరు?

పుదుచ్చేరిలోని నెల్లితోపు పేరు ఢిల్లీలో గట్టిగా వినిపించింది 2016 నవంబరులో. నాటి ముఖ్యమంత్రి నారాయణస్వామి అక్కడి ఉప ఎన్నికలో గెలుపొంది శాసనసభలో అడుగుపెట్టారు. ఆ పేటకు చేరువనే ముదలియార్‌పేటలో ఆంగ్లో-ఫ్రెంచి టెక్స్‌టైల్స్ మిల్లు నడిచేది. 2020 ఏప్రిల్‌తో అది మూతపడింది. మిల్లు మూసినంత మాత్రాన అందులో పీల్చిన దూది ధూళి ఖాతా ముగియదు. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమలులోకి తెచ్చినందున ఈ ప్రస్తావన అవసరమని భావిస్తున్నాను.

నలభై ఏళ్లు దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా వైద్య పరీక్ష జరిపించాలన్న నిబంధనను ప్రభుత్వం ఘనంగా చాటుకొన్నది. మంచిదే. కాని ఏ పరీక్ష? రక్తపోటు చూసి, ఛాతీ ఎక్స్‌రే తీసి పంపివేస్తే దూది ధూళి వల్ల వచ్చే బిసినోసిస్ పట్టుబడదు. సిలికాసిస్ వలె అది ఎక్స్‌రేలో తనదైన గుర్తు చూపదు. దానికి స్పైరోమీటరు కావాలి. నిండుగా గాలి పీల్చి గొట్టంలోకి బలంగా ఊదితే, మొత్తం ఎంత గాలి వదిలారో, అందులో మొదటి సెకనులో ఎంత వదిలారో అది చెబుతుంది. మొదటి సెకను వాటా నూటికి 70 కంటె తగ్గితే శ్వాసనాళాలలో అడ్డు ఉన్నట్లు సాధారణంగా లెక్కిస్తారు. 1846లో దీనిని లోకానికి తెలిపిన ఆంగ్ల వైద్యుడు జాన్ హచిన్సన్, జీవిత బీమా కంపెనీలకు ఇది ఉపకరిస్తుందని తలచాడు. ఆ యంత్రమే నేడు కార్మికుని పక్షాన సాక్షి కావడం విశేషం.

ఈ వ్యాధి తీరు విచిత్రమైనది. సెలవు గడిపి సోమవారం మిల్లులో అడుగుపెట్టిన కొన్ని గంటలకు ఛాతీ బిగుసుకుంటుంది. వారం గడిచేకొద్దీ సర్దుకుంటుంది. కొన్నేళ్లకు అన్ని దినాలూ సోమవారాలే అవుతాయి. అందుచేత షిఫ్టుకు ముందు, తరువాత ఊపిరి కొలిచి పోల్చడమే కీలకమైన పరీక్ష. మూతపడిన మిల్లుకు సోమవారమంటూ ఉండదు. నేడు కొలిస్తే ఊపిరి తగ్గినట్లు తెలుస్తుంది. తగ్గింది ధూళి వల్లనా, బీడీ వల్లనా అన్న వాదానికి ఆ ఒక్క కొలత బదులీయజాలదు.

1923 నాటి కార్మిక పరిహార చట్టపు వృత్తివ్యాధుల జాబితాలో బిసినోసిస్ చేరి దశాబ్దాలు గడిచాయి. పనిలో ఉన్ననాటి కొలతలు చేతిలో లేని కార్మికునికి ఆ హక్కు ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే నా సందేహం. కొత్త వార్షిక పరీక్ష కూడా కొలువులో ఉన్నవారికే. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. అక్కడి జిప్మర్ కేంద్ర సంస్థ. పాత మిల్లు కార్మికుల ఊపిరిని కొలిపించే బాధ్యత కేంద్రానిది కాదంటే నేనొప్పుకోను.

ఆదోని, గుంటూరు ప్రాంతాల జిన్నింగు మిల్లులలోనూ ఇదే దూది, ఇదే ధూళి. అక్కడ ఇంకా సోమవారాలున్నాయి. పనిలో చేరిననాడే ఒక కొలత, ఆపై ఏటా ఒక సోమవారం షిఫ్టుకు ముందు, తరువాత కొలతలు, వాటి నకలు కార్మికుని చేతికి: ఈ మాత్రం నియమావళిలో చేర్చడానికి పార్లమెంటు మళ్లీ సమావేశం కానక్కరలేదు.