ఎలాగోలా కడుపులో పడితే చాలదు

పాలు తాగనని పెదవులు బిగించే బిడ్డ గురించి మన ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: ఎలాగోలా కడుపులో పడాలి. ఆ మాట వెనకే ఉగ్గుగిన్నె వస్తుంది. చాపిన కాళ్ల మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు కదలకుండా పట్టుకుని, ఏడవడానికి నోరు తెరిచినప్పుడల్లా గిన్నె వంచుతారు. ఇంకా మింగకపోతే ముక్కు మూస్తారు. పట్నాల్లో ఉగ్గుగిన్నె బదులు సీసా, కళ్లముందు సెల్‌ఫోన్. నిద్రమత్తులో ఉన్నప్పుడు పట్టేయమని సలహా ఇచ్చేవాళ్లకూ కొదవ లేదు. వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. బిడ్డ తాగకపోవడం మొండితనం, కాకపోతే దిష్టి, అదీ కాకపోతే తల్లి చేతకానితనం. ఏదైనా సరే పెద్దవాళ్లు పట్టుబట్టి గెలవాలి. ఈ నమ్మకం తప్పని, దీనివల్ల బిడ్డలకు హాని జరుగుతోందని నా వాదన. నెలల బిడ్డ తల పక్కకు తిప్పుకుందంటే దాదాపు ఎప్పుడూ దానికో కారణం ఉంటుంది. కడుపు నిండి ఉండొచ్చు, గొంతులో మంట ఉండొచ్చు, ఆ పాలు పడకపోయి ఉండొచ్చు, సరిగా మింగడమే చేతకాకపోవచ్చు. బలవంతం వీటిలో ఏ ఒక్కదాన్నీ నయం చేయదు. కారణం వెతికే అవసరమే లేదనిపించేలా మాత్రం చేస్తుంది.

అంత చిన్న ప్రాణానికి తనకెంత కావాలో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. తెలుస్తుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో శామ్యూల్ ఫోమన్ బృందం 1960లు, 70లలో ఈ విషయాన్ని పరీక్షించి చూసింది. డబ్బా పాలను పలచగా కలిపి ఇస్తే బిడ్డలు ఎక్కువ తాగారు, చిక్కగా ఇస్తే తక్కువతో ఆపేశారు. మొదటి ఆరు వారాల్లో ఈ లెక్క కొంత తప్పినా, ఆ తర్వాత తమకు అందాల్సిన శక్తిని వాళ్లే చాలావరకు సరిచూసుకున్నారు. అంతకుముందే 1920లు, 30లలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు అప్పుడే పాలు మాన్పించిన 15 మంది పిల్లల ముందు 34 రకాల ఆహారం ఉంచి, ఏది ఎంత తినాలో వాళ్లకే వదిలేసింది. తినమని నర్సులు బతిమాలకూడదు, ముఖం చిట్లించకూడదు. పిల్లలు ఒక్కో రోజు ఒక్కో తీరున తిన్నారు, కానీ బాగా ఎదిగారు. ఆ 34 రకాల్లోనూ పనికిమాలిన తిండి ఏదీ లేదని, అసలు కిటుకు అక్కడే ఉందని డేవిస్ స్వయంగా చెప్పింది. అంటే ఏం పెట్టాలో చూసుకోవడం పెద్దల పని, ఎంత తినాలో తేల్చుకోవడం బిడ్డ పని. మనం మొదటి పనిని సగంలో వదిలేసి రెండోదాన్ని బిడ్డ నుంచి లాక్కుంటున్నాం. మరో సంగతి కూడా మరిచిపోతాం. పుట్టిన బరువు ఐదు నెలలకు రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలవుతుంది, నాలుగింతలు కావడానికి మాత్రం రెండో ఏడు నిండాలి. ఎదుగుదల వేగం తగ్గుతున్నకొద్దీ ఆకలి జోరూ తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే, అన్నప్రాశన అయిపోయింది కదా, ఇక గిన్నెడు తినాలని మనం ఆశపడతాం.

పాలు కక్కడం సంగతీ ఇలాంటిదే. అన్నవాహిక కడుపుతో కలిసే చోట ఉండే కండరం నెలల బిడ్డల్లో తరచూ దానంతటదే వదులవుతుంటుంది. తాగేదంతా ద్రవం, రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉండటం. 5 కిలోల బిడ్డ రోజుకు సుమారు 750 మి.లీ. పాలు తాగుతుంది. శరీరం బరువుతో పోల్చి చూస్తే 60 కిలోల మనిషి రోజుకు 9 లీటర్లు తాగడంతో సమానం. అందులో కొంత పైకి రావడం వింతేమీ కాదు. నాలుగో నెలకల్లా మూడింట రెండొంతుల మంది బిడ్డలు రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. ఏడాది నిండేసరికి అది నూటికి ఐదుగురిలోనో ఏమో మిగులుతుంది. హాయిగా ఆడుకుంటూ, బరువు పెరుగుతూ, అప్పుడప్పుడూ భుజం తడిపే బిడ్డకు జబ్బు లేదు. కానీ మన ఇళ్లలో కక్కగానే పొట్ట ఖాళీ అయిపోయిందని మళ్లీ పడతారు. నిండిన కడుపు మీద ఇంకొంత పోస్తే ఇంకొంత కక్కుతుంది. దాంతో ఆ రోజంతా తల్లికీ బిడ్డకీ పట్టడం, కక్కడంతోనే గడిచిపోతుంది.

ఇలా హాయిగా కక్కే బిడ్డకూ, నొప్పితో నలిగే బిడ్డకూ తేడా ఉంటుంది. ఆ తేడా కనిపించేది బిడ్డ తీరులోనే. నొప్పి ఉన్న బిడ్డ ఆకలితో ఆత్రంగా పాలు అందుకుంటుంది, నాలుగు గుక్కలు మింగుతుంది, అంతలో విల్లులా వెనక్కి వంగి కెవ్వుమంటుంది. కాసేపాగి మళ్లీ అందుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. కొన్నాళ్లకు సీసా చూస్తేనే ఏడుపు మొదలవుతుంది. ఆకుపచ్చని వాంతి, రక్తపు చారలు, రెండు మూడు వారాల వయసు దాటాక పాలు తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మే వాంతి, మూత్రం తగ్గిపోవడం, మందకొడితనం, బరువు నిలిచిపోవడం వంటివి ఉంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మిగతా బిడ్డల విషయంలో డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చే ఆధారం బిడ్డ ఎప్పుడు వద్దంటోంది, ఎలా వద్దంటోంది అన్నదే. కాళ్ల మీద అదిమి పట్టి పోసినప్పుడు ఆ ఆధారం కనుమరుగవుతుంది. డాక్టరు అడిగితే ఇంట్లోవాళ్లు ఏం చెప్పగలరు? తాగుతూనే ఉందండీ, మేమే పడుతున్నాం అంటారు.

మందు ఉంది కదా అన్నది మరో వాదన. కడుపులో ఆమ్లం తగ్గించే చుక్కలు వేస్తే బిడ్డ తాగుతుందని చాలామంది నమ్మకం. 2009లో అమెరికాలో లాన్సోప్రజోల్ అనే అలాంటి మందు మీద వెలువడిన పరీక్ష ఈ నమ్మకాన్ని నిలబెట్టలేదు. కడుపులోది గొంతు వైపు ఎగదన్నే రిఫ్లక్స్ లక్షణాలున్నాయనుకున్న 162 మంది పసిపిల్లల్లో సగం మందికి మందు, సగం మందికి మందులేని ద్రావణం ఇచ్చారు. రెండు బృందాల్లోనూ మెరుగైనవాళ్లు సరిగ్గా 54 శాతమే. మందు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు మాత్రం ఎక్కువ కనిపించాయి. 2018లో ఉత్తర అమెరికా, ఐరోపా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘాలు ఉమ్మడిగా ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, హాయిగా ఉండి కక్కే బిడ్డకు ఈ మందులు వద్దన్నాయి. వాంతులు ఆపడానికి ఇచ్చే డాంపెరిడోన్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని బ్రిటన్ 2019లో చెప్పింది. అన్నవాహిక నిజంగా పుండైన బిడ్డకు ఆమ్లం తగ్గించే మందు అవసరమే, అందులో సందేహం లేదు. నా అభ్యంతరం కారణం తేలకముందే పాలు లోపలికి పంపే సాధనంగా మందును వాడటం మీద. అది ఉగ్గుగిన్నె చేసే పనే, సీసాలో నింపి అమ్ముతారంతే.

పాల అలర్జీ విషయంలో తొందరపాటు రెండు వైపులా ఉంది. ఆవుపాలలోని ప్రొటీన్లు పడని బిడ్డలు నూటికి ఒకరిద్దరు, మహా అయితే ముగ్గురు. వాళ్లలో కొందరికి వెంటనే దద్దుర్లు, వాపు వస్తాయి. మరికొందరిలో గంటల తర్వాతో, రోజుల తర్వాతో వాంతులు, మలంలో రక్తం, ఎడతెగని ఏడుపు, తాగననడం కనిపిస్తాయి. ఈ రెండో రకం రక్తపరీక్షలో తరచూ దొరకదు. అనుమానం వచ్చినప్పుడు మన ఇళ్లలో చేసేది పాలు మార్చడం. ఆవుపాలు వేడి అంటే గేదెపాలు, గేదెపాలు బరువు అంటే మేకపాలు. ప్రొటీన్ల నిర్మాణంలో ఇవన్నీ దగ్గరి చుట్టాలే. ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు పడటం అరుదు. లాక్టోజ్ లేని డబ్బా పాలు కూడా అంతే, తీసేసింది చక్కెరనే కానీ ప్రొటీన్‌ను కాదు. ఇంకోవైపు, బిడ్డ నాలుగుసార్లు కక్కగానే తల్లిని పాలు, పెరుగు, పప్పు, గుడ్డు అన్నీ మాన్పించి చారన్నం మీద ఉంచుతారు. అసలే బాలింత పథ్యాలతో సన్నగిల్లిన మనిషి ఆమె. దీనికి ఉన్న పద్ధతి కష్టమైనదేమీ కాదు. డాక్టరు పర్యవేక్షణలో రెండు నుంచి నాలుగు వారాలు పాల ప్రొటీన్ ఆపాలి. తల్లిపాలు తాగే బిడ్డకైతే తల్లి తిండిలో ఆపాలి, తల్లిపాలను కాదు. తేడా కనిపించాక మళ్లీ ఇచ్చి చూడాలి. అలా మళ్లీ ఇచ్చి చూడనిదే రోగనిర్ధారణ పూర్తికాదు. మన దగ్గర జారిపోయే మెట్టు అదే. ఈ పరీక్షలో కూడా కొలమానం బిడ్డ తీరే: ఇష్టంగా తాగుతోందా, వెనక్కి వంగడం తగ్గిందా, నిద్ర కుదురుకుందా. రోజూ బలవంతంగా పోస్తున్న ఇంట్లో ఈ మార్పులు ఎలా తెలుస్తాయి?

అన్నిటికన్నా పెద్ద హాని ఇంకోటి ఉంది. మంట తగ్గుతుంది, అలర్జీ కారణం దొరుకుతుంది, బిడ్డ మాత్రం తాగదు. ఇంట్లోవాళ్లు దీన్ని చూసి, చూశారా, మొండితనమే అంటారు. నిజానికి నెలల తరబడి నొప్పితో, నిర్బంధంతో కలిసిపోయిన ఆహారాన్ని చూసి ఆ బిడ్డ భయపడుతోంది. ఐరీన్ షటూర్ అనే అమెరికన్ మనోవైద్యురాలు గొంతుకు అడ్డుపడటం, బలవంతంగా తినిపించడం, గొట్టం పెట్టడం వంటి అనుభవాల తర్వాత పిల్లల్లో వచ్చే తిండి నిరాకరణను ప్రత్యేకంగా వర్గీకరించింది. అలాంటి బిడ్డ మెలకువలో సీసా తాకనివ్వదు, నిద్రమత్తులో మాత్రం తాగుతుంది. నిద్రలో తాగుతోంది కాబట్టి మింగడం వచ్చు, మెలకువలో తాగడం లేదు కాబట్టి భయం ఉందని అర్థం చేసుకోవాల్సింది పోయి, మనం ఆ నిద్రను కూడా వాడుకుంటాం. తినమని ఒత్తిడి పెడితే కొంచెం పెద్ద పిల్లలు కూడా తక్కువే తింటారని పెన్సిల్వేనియాలో బడికి వెళ్లని వయసు పిల్లలకు సూప్ పెట్టి చేసిన 2006 నాటి పరిశోధన చూపింది. ఒత్తిడి తీసేసిన మొదటి కొద్ది రోజులు బిడ్డ తాగేది తగ్గవచ్చు. అందుకే బరువు చూసుకుంటూ, డాక్టరు అండతో చేయాలి. ఆ కొద్ది రోజుల భయానికి జంకి మళ్లీ బలవంతానికి దిగితే మొదటికొస్తుంది.

మనది పోషకాహార లోపం ఉన్న దేశం, ఇక్కడ బిడ్డ ఇష్టం అంటూ కూర్చుంటే ఎలా అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లే. అదే సర్వే మరో సంగతి కూడా చెప్పింది. 6 నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత మేలైన ఆహారం అందుతున్నది సుమారు 11 శాతానికే. గిన్నెలో పప్పు, గుడ్డు, ఆకుకూర, నెయ్యి లేనప్పుడు నీళ్ల జావను ఎంత బలవంతంగా పోసినా బిడ్డ పెరగదు. మన నేల మీదే దీనికి ఆధారం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలోని 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఒక పరీక్ష నడిపి, ఫలితాలు 2013లో ప్రచురించారు. బిడ్డ మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఒక బృందం తల్లులకు మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. రెండో బృందానికి ఏం పెట్టాలో ఇంటికెళ్లి చెప్పారు. మూడో బృందానికి దాంతోపాటు బిడ్డ సైగలు గమనించి తినిపించడం, ఆడించడం నేర్పారు. సలహాలు అందిన రెండు బృందాల్లోనూ పిల్లల ఆహారం మెరుగైంది. ఎత్తులో మేలు రెండో బృందంలో కనిపించింది, మానసిక వికాసంలో మేలు మూడో బృందంలో కనిపించింది. బిడ్డ సైగ మన్నిస్తే బిడ్డ ఎండిపోతుందన్న భయానికి ఈ పల్లెల్లో ఆధారం దొరకలేదు.

మా అమ్మమ్మలు ఇలాగే పెంచారు, మేం పెరగలేదా అనేవాళ్లకు చెప్పేది కొంచెమే. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాదిలోపే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఆ మరణాలన్నిటికీ ఉగ్గుగిన్నె కారణమని అనడం అన్యాయం. కానీ పెరిగినవాళ్లను మాత్రమే సాక్షులుగా పిలవడమూ న్యాయం కాదు. ఏడుస్తున్న బిడ్డ నోట్లో ఆముదం, నెయ్యి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెచ్చిన కేసులను మన దేశపు వైద్యులే నమోదు చేశారు.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, అంగిలి చీలినవాళ్లు, మెదడు ఎదుగుదల లోపంతో మింగడం రానివాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇష్టమైనంతే అంటే సరిపోదన్నది నిజం. వాళ్లకు కావాల్సింది మింగడం పరీక్షించే నిపుణులు, అవసరమైతే కొన్నాళ్లు ముక్కు గొట్టం. ఆ గొట్టాన్ని చూసి మనవాళ్లు హడలిపోతారు కానీ, రోజుకు ఎనిమిదిసార్లు ఊపిరాడకుండా పోయించుకోవడం కన్నా అది బిడ్డకు ఎంతో నయం.

ఈ నమ్మకం బరువంతా చివరికి పడేది తల్లి మీద. నీ పాలు చాలడం లేదేమో, నీకు పట్టడం చేతకాదేమో అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అంటారు. పక్కింటి బిడ్డ బొద్దుతనం చూపించి అత్తగారు అంటుంది, ఆమె చేత ఎవరో అనిపిస్తారు. రేపు తూకంలో వంద గ్రాములు తగ్గితే మాట పడేది తానేనని తెలిసిన తల్లి, బిడ్డ నోరు మూసుకున్నప్పుడు ఆగగలదా? ఆమెను నిందించి లాభం లేదు, తూకం దగ్గర కూర్చున్నవాళ్లు మారాలి. టీకాకు వచ్చినప్పుడు, అంగన్‌వాడీలో బరువు చూసినప్పుడు కార్డు మీద అంకె వేసి పంపేస్తున్నారు. ఒక్కసారి తాగించడానికి అరగంట దాటుతోందా, సీసా చూడగానే ఏడుస్తోందా, మెలకువలో తాగుతోందా నిద్రలోనేనా, చేతులు పట్టుకోవాల్సి వస్తోందా అని ఆ అంకెతోపాటు అడగాలి. జవాబులో తేడా ఉంటే బిడ్డను పిల్లల డాక్టరు దగ్గరికి పంపాలి. తల్లితో పాటు అత్తగారినీ, భర్తనూ కూర్చోబెట్టి, రేపటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ బిడ్డ ముక్కు మూయకూడదని వాళ్లతోనే చెప్పాలి.