పదివేల అడుగుల వ్రతము

చిలుకూరు బాలాజీ ఆలయమున, కోరిక తీరిన భక్తులు నూటెనిమిది ప్రదక్షిణలు చేయుదురు. లెక్క తప్పకుండుటకై అంకెల గడులున్న చిన్న చీటీని చేత పట్టుకొని, చుట్టు పూర్తియైనప్పుడెల్ల ఒక్కొక్క గడిని కొట్టివేయుచుందురు. ఆ చీటీని చూచి నవ్వుకొను విద్యావంతుడే, రాత్రి పదిన్నర గంటలకు, భోజనము ముగిసి నిద్ర ముంచుకొని వచ్చుచుండగా, మణికట్టునందలి పట్టీ తొమ్మిదివేల రెండువందలనే చూపుచున్నదన్న ఏకైక కారణముచేత, పడకగదికిని వంటగదికిని నడుమ మిగిలిన ఎనిమిదివందల అడుగులు నడచి, అది కంపించి అభినందించిన పిమ్మట కృతార్థుడై పరుండును. నూటెనిమిది యేల, నూటయేడైన నేమి యని భక్తుని నిలదీయుట కలవాటుపడిన నోరు, పదివేలేల యని తన్ను తాను ఒక్కమారైనను అడుగుకొనకపోవుట విచారింపదగిన విషయము.

ఈ పదివేల సంఖ్య ఏ వైద్యపరిశోధనాలయమునను పుట్టలేదు. 1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన పిమ్మట జపాను దేశమున వ్యాయామాసక్తి ప్రబలియుండగా, 1965లో యమాసా యను గడియారముల సంస్థ నడుమునకు తగిలించుకొను అడుగుల లెక్కయంత్రమును 'మాన్పోకే' యను పేర అమ్మకమునకు పెట్టెను. పదివేలు ఆ పేరులోనే యున్నది. అంగడిలో పుట్టిన అంకెకు శాస్త్రాధారమును వెదకుట అటుపిమ్మటి పని. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ అను పండితురాలి బృందము పదహారువేలకు పైబడిన వృద్ధస్త్రీల నడకను పరిశీలించి, దినమునకు సుమారు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 అడుగులు వేయువారిలో మరణములు గణనీయముగ తక్కువయనియు, ఆ తగ్గుదల 7,500 చేరువ వరకు సాగి ఆపైన నిలిచిపోయినదనియు ప్రకటించెను. ఆరోగ్యవంతులే ఎక్కువ నడుతురు గనుక ఇందులోనను కార్యమేదో కారణమేదో పూర్తిగ తేలలేదు. తేలినంతవరకైనను పదివేలకు ఎట్టి మహిమయు కనబడలేదు.

యంత్రమును నిందించుట నా యుద్దేశము గాదు. దాని లోపలి నేర్పు ముచ్చట గొలుపునట్టిది. 2021లో వెలువడిన ఫిట్‌బిట్ లక్స్ అను బ్యాండును ఉదాహరణముగ గైకొందము. తుప్పుపట్టని ఉక్కుతో చేసిన సన్నని పెట్టె, రంగుల తెర, బంగారు వన్నె గొలుసుతో ప్రత్యేకమైన కూర్పొకటి. పెండ్లికి పోవు స్త్రీ గాజుల నడుమ ధరించినను ఎబ్బెట్టుగ నుండదు. స్నానమునకు తీసి పెట్టనక్కరలేదు. ఒకమారు చార్జి చేసిన నాలుగైదు దినములు పనిచేయును. లోపల ముఖ్యమైన ఇంద్రియములు రెండు: చేతి ఊపును మూడు దిశలయందును పసిగట్టునది యొకటి, చర్మములోనికి ఆకుపచ్చని కాంతిని పంపి తిరిగివచ్చు వెలుగును కొలుచునది మరియొకటి. రక్తము ఆకుపచ్చ వెలుగును అధికముగ పీల్చుకొనును గనుక, గుండె కొట్టుకొనినప్పుడెల్ల మణికట్టున రక్తము పెరిగి, తిరిగివచ్చు వెలుగు తగ్గును. ఈ హెచ్చుతగ్గుల లెక్కయే నాడి. నాడి పట్టి వాతపిత్తకఫముల గతిని చెప్పెదమనువారికంటె ఇది మేలు. ఏలయన, నిమిషమునకు డెబ్బదిరెండని ఇది చెప్పినచో, గడియారమును ఎదుట పెట్టుకొని వ్రేలితో ఎవ్వరైనను సరిచూచుకొనవచ్చును.

అయితే అది కొలుచునది ఊపును, వెలుగును మాత్రమే, తక్కినదంతయు అనుమానప్రమాణము. తుదకు అడుగు సైతము ఊహయే. నీళ్ల బిందెను చంకనెత్తుకొని ఆ చేతితో కదలకుండ పట్టుకొని నడచు స్త్రీ అడుగులు దాని లెక్కలో తగ్గిపోవును; కూర్చున్నచోటనే చపాతీలు ఒత్తు చేయి కొంత నడిచినట్లు నమోదు కావచ్చును. లక్స్ బ్యాండులో ఎత్తును గ్రహించు సాధనము లేదు. అలిపిరినుండి తిరుమలకు మూడువేల అయిదువందల యేబది మెట్లు ఎక్కినవానికిని, ఊరి చెరువుగట్టుమీద అన్నియే అడుగులు వేసినవానికిని అడుగుల పద్దులో భేద ముండదు. గుండె వేగము మాత్రము ఆ భేదమును చెప్పును, చదువు ఓపిక యున్నవారికి.

శ్రీలంకలో హేతువాదోద్యమమునకు ప్రాణము పోసిన అబ్రహాం కోవూరు, 1963లో, మోసమునకు తావులేని పరీక్షలో మహిమను చూపినవారికి లక్ష రూపాయల పందెమును ప్రకటించి, బాబాల నెందరినో నోరు మూయించెను. ఆయన బ్రతికియున్నచో ఈ పట్టీని ఏమి చేసియుండునో గాని, ఇప్పటి కుతూహలపరులు కొందరు దానిని అరటిపండుకును కాగితపు చుట్టకును కట్టి చూచిరి. కొన్ని పట్టీలు అరటిపండుకు గుండె వేగమును నిమిషమునకింతయని నిస్సంకోచముగ చూపినవి. దీనినిబట్టి మనుష్యుని మణికట్టుమీదను అది అబద్ధమే చెప్పుననుట తర్కము గాదు. తిరిగివచ్చు వెలుగులో లయయేదైన దొరకునేమోయని వెదకు గణితమునకు, తన ముందున్నది మాంసమో పండో తెలియదు. అసలు దోషము, తెలియదని చెప్పుట దానికి తెలియకపోవుట. సోదె చెప్పువారిలోను జాతకము వ్రాయువారిలోను మనము దశాబ్దములుగ ఎత్తిచూపిన లోపమిదియే.

ఈ లోపము కేలరీల విషయమున మిక్కిలి బయటపడును. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు అరువదిమంది చేత ఏడు రకముల పట్టీలను ధరింపజేసి పరీక్షింపగా, ఏడింట ఆరు గుండె వేగమును నూటికి అయిదుపాళ్లలోపు తప్పుతో చెప్పినవి. ఖర్చైన శక్తి విషయమున మాత్రము అన్నిటికంటె మేలైనదియే సగటున ఇరువదియేడు పాళ్లు తప్పెను, అధమమైనది తొంబదిమూడు పాళ్లు తప్పెను. ఒకే తెరమీద, ఒకే అక్షరములతో, ఒకే గాంభీర్యముతో వెలుగు రెండు అంకెలలో ఒకటి కొలత, మరియొకటి వదంతి! మూడువందల కేలరీలు కరగినవని చూచి ధైర్యముగ రెండవ పెసరట్టును ఉప్మాతో సహా తెప్పించుకొనువాడు దేనిని నమ్ముచున్నాడో ఆలోచింపవలెను. 2016లో వెలువడిన పిట్స్‌బర్గ్ పరిశోధనయు ఇచట స్మరింపదగినది: నాలుగువందల డెబ్బదియొక్కమంది యువకులలో, భుజమునకు యంత్రము కట్టుకొనినవారు రెండేండ్లలో సగటున మూడున్నర కిలోలు తగ్గగా, యంత్రము లేక సాధారణమైన ఉపదేశముతో సాగినవారు దాదాపు ఆరు కిలోలు తగ్గిరి. యంత్రమే కీడు చేసినదని దీనికి అర్థము గాదు గాని, కట్టుకొనుటయే తపస్సగునన్న భ్రమను పోగొట్టుటకు ఇది చాలు.

నిద్ర సంగతి మరియు విచిత్రము. నిద్రావస్థలను నిర్ణయించుటకు వైద్యులు తలకు తీగలు తగిలించి మెదడు విద్యుత్తును, కంటిగ్రుడ్ల కదలికను, కండరముల బిగిని చూతురు. మణికట్టు పట్టీకి మెదడు సంగతి తెలియదు. కదలికనుబట్టియు నాడినిబట్టియు ఊహించి, తెల్లవారుసరికి మనకు మార్కులు వేయును. హాయిగ నిద్రించి లేచినవాడు మార్కులు తక్కువ వచ్చినవని దినమంతయు నీరసపడుట, పిల్లి ఎదురైనదని ప్రయాణము మానుకొనుటకంటె ఏ విధమున వివేకమో నాకు బోధపడదు. మంచి మార్కులకొరకు బెంగపడి నిద్రను చెడగొట్టుకొనువారు వైద్యుల యొద్దకు వచ్చుచున్నారని 2017లోనే నిద్రావైద్యపత్రికలో వ్రాయబడినది.

'నమ్మకము ఏదైన నేమి, నడిపించుచున్నది గదా' యని కొందరందురు. ఏకాదశి ఉపవాసము జీర్ణకోశమునకు మేలని సమర్థించువారి వాదము సరిగ్గ నిదియే. ఉపవాసము ఒకరికి మేలైనచో ఏ వారమైన చేయవచ్చును. మధుమేహమునకు మందు వేసికొనుచున్న వృద్ధురాలు మాత్రము, తిథి వచ్చినదని వైద్యుని అడుగక చేయరాదు. అట్లే, మోకాళ్ల నొప్పితో ఏడువేల అయిదువందలు నడచిన వృద్ధురాలు తక్కిన రెండువేల అయిదువందల కొరకు నొప్పిని ఓర్చుకొననక్కరలేదు.

ఉపయోగమన్నచో, విశ్రాంతిలోనున్న గుండె వేగమును నెలల తరబడి వ్రాసియుంచుట ఒకటి; లయ తప్పిన నాడిని పట్టుట రెండవది. ఆపిల్ గడియారముతో నాలుగులక్షల పందొమ్మిదివేల మందిపై జరిగి 2019లో ప్రకటింపబడిన పరిశోధనలో, రెండువందలమందిలో సుమారు ఒక్కరికి మాత్రమే హెచ్చరిక వచ్చినది. అట్టివారిలో ఈసీజీ పట్టీని ఛాతీకి అంటించుకొని పరీక్షకు తిరిగి పంపినవారియందు నూటికి ముప్పదినలుగురికి లయదోషము నిజముగ కనబడినది. తక్కినవారిలో ఆ దోషము వచ్చిపోవుచుండునది కావచ్చును, హెచ్చరికయే పొరపాటు కావచ్చును. ఏదైనను, నిర్ధారించుకొను మార్గమొకటి యున్నది. లయ తప్పినదన్నచో ఈసీజీతో తేల్చుకొందుము. నిన్నటి నిద్రకు డెబ్బదినాలుగు మార్కులన్నచో ఇంటిలో కూర్చుండి దేనితో తేల్చుకొనవలెనో, దానిని అమ్ముచున్నవారే చెప్పవలెను.