కేసంటే కోర్టే కాదు

మూసీ నదికి దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా దవాఖానా. నడుమ నయాపూల్. 1908 మూసీ వరదల తర్వాత ఏడవ నిజాం హయాంలో లేచిన కట్టడాలివి. ఈ రెండు ఒడ్డులనూ కలిపే మాట ఒకటుంది: కేసు. పాతబస్తీకి పనిబడి వచ్చిన పల్లె జనాన్ని బెదరగొట్టే మాట కూడా అదే.

కోర్టు ఒడ్డున కేసంటే వ్యాజ్యం. తండ్రి వేసిన భూమి కేసుకు కొడుకు వాయిదాలు తిరుగుతాడు. దవాఖానా ఒడ్డున కేసంటే రోగి. 'సీరియస్ కేసు', 'డెలివరీ కేసు' అంటారు. రోగి సంగతులు రాసే కాగితం కేస్ షీటు. ఠాణాలో కేసు కడతారు. సోడా సీసాలు కేసుల లెక్కన దిగుతాయి. బట్టలు సూట్‌కేసులో సర్దుతారు. ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే పంతులుకు విభక్తి కూడా కేసే!

నిజానికి ఇవి రెండు వేర్వేరు మాటలు. సూట్‌కేసు, సీసాల కేసు లాటిన్‌లో పెట్టె అని అర్థమున్న మాట నుంచి వచ్చాయి. తక్కినవి 'పడడం, సంభవించడం' అనే అర్థమున్న మరో లాటిన్ మాట సంతానం. అంటే జరిగిన సంగతి ఏదైనా ఇంగ్లీషులో కేసే. మన ఊళ్ళలో మాత్రం కేసంటే పోలీసులు, కోర్టు. అంతే.

ఈ తికమక ప్రాణాల మీదికి తెస్తుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాణ్ణి ఆసుపత్రికి మోసుకొచ్చిన పుణ్యాత్ముడు 'ఎమ్మెల్సీ కేసు' అనగానే మెల్లగా జారుకుంటాడు. పిచికారీ చేస్తూ పురుగుమందు సోకి పడిపోయిన కూలీని కేసు భయంతో 'కడుపునొప్పి' అని చేర్పిస్తారు. మందు పేరు దాస్తే డాక్టరు దేనికి విరుగుడు ఇవ్వాలి?

ఎమ్మెల్సీ అంటే ఇక్కడ శాసనమండలి సభ్యుడు కాదు. గాయం, విషం వంటివి వచ్చినప్పుడు డాక్టరు వివరాలు నమోదు చేసి పోలీసులకు తెలిపే పద్ధతి. తెచ్చినవాడి మీద నేరం మోపడం కాదు. ముందు ప్రాణం, తర్వాతే లాంఛనాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, ప్రమాద బాధితునికి మంచి మనసుతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతం చేయరాదని 2020 నాటి నిబంధనలు అంటున్నాయి. ఈ హక్కులను ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో రాసి పెట్టాలని కూడా అవే చెబుతున్నాయి.

అయితే చదువురాని వారికి బోర్డు ఒక్కటే చాలదు. 'ఇది నీ మీద కేసు కాదు' అని సిబ్బంది నోటితో చెప్పాలి. అందుకు పైసా ఖర్చు లేదు. రోగిని రోగి అంటే ఇంకా మేలు. పల్లె జనం కూడా కేసనగానే పరుగు తీయక, నిలబడి ఒక్క ప్రశ్న వేయాలి: 'అయ్యా, ఇది నయాపూల్‌కు ఏ ఒడ్డు కేసు?'