ఇంటి ముచ్చట: పొడుగు చేతుల చొక్కా

మా పెద్దబావగారు పొడుగు చేతుల చొక్కా తప్ప మరొకటి తొడగగా నేనెరుగను. నడి ఎండాకాలంలోనూ అంతే. మోచేతుల మీద, మోకాళ్ళ మీద ఎర్రని మచ్చలు, వాటిపై వెండిరేకుల వంటి పొట్టు. ఇరవై యేళ్ళుగా వున్నది. డాక్టర్లు సోరియాసిస్ అన్నారు. మా బెళ్ళందూరులో మాత్రం కొందరు తామర అన్నారు, కొందరు గజ్జి అన్నారు. 2015లో మన చెరువు నురగ రోడ్డెక్కిన తరువాత, అదంతా ఆ నీళ్ళ మహిమేనని తేల్చినవారూ కద్దు. బావగారి మచ్చలు ఆ నురగకంటె పదేళ్ళు పెద్దవి!

ఇది అంటుకొనే జబ్బు కాదు. ఒకరి తువాలు ఒకరు వాడినా రాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి చర్మం మీద తిరగబడడం వల్ల వస్తుంది. అయినా పంక్తిలో ఆయన ప్రక్క విస్తరి ఖాళీగా వుండడం నేను కళ్ళారా చూశాను. కూతురి పెండ్లిచూపులనాడు మా అక్క ఆయనను లోపలి గదిలోనే కూర్చోబెట్టింది. అక్కను తప్పుపట్టను, లోకం అట్లా వున్నది.

పోయిన ఏడాది మా వీధిలో ఉచిత వైద్యశిబిరం పెట్టారు. రక్తపు పోటు చూడడానికి నర్సు చేయి చాపమన్నది. వెనుక వరుసలో పదిమంది తెలిసినవాళ్ళు. బావగారు చొక్కా చేయి మడవలేదు. "నాకేమీ లేదమ్మా, బాగానే వున్నాను" అని లేచి వచ్చేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఒకనాటి తెల్లవారుజామున, ఆయనకు గుండెల్లో బరువుగా వున్నదని అక్క ఏడుస్తూ ఫోను చేసింది. దైవకృప వలన వేళకు ఆస్పత్రి చేరాము. చూస్తే పోటు ఎక్కువ, చక్కెర ఎక్కువ. ఎన్నాళ్ళనుంచో చెప్పగలవారు లేరు. ఇరవై యేళ్ళలో చర్మంకోసం ఎక్కని గుమ్మం లేదు, పూయని తైలం లేదు; గుండె సంగతి ఒక్కరూ అడగలేదు, మేమూ అడగలేదు. ఒకే మనిషి కాగితాలు రెండు సెక్షన్లలో రెండు ఫైళ్ళుగా పడివుండి, దీనిలోని నోటు దానికి తెలియకుండా యేళ్ళు గడవడం ఆఫీసులో నేను రోజూ చూసేదే. బావగారి ఒళ్ళూ అట్లే రెండు ఫైళ్ళయింది.

చర్మానికీ గుండెకూ ఏమి చుట్టరికమని మీరడుగవచ్చును. నేనూ డాక్టరు గారిని అడిగాను. మచ్చ క్రింద రేగే మంట చర్మంతో ఆగదట. దానిని రేపే పదార్థాలే రక్తంలో తిరుగుతూ నాళాల లోపలి గోడలను చెరిచి, కొవ్వు పేరుకోవడానికి దారి చేస్తవి. పైగా ఈ జబ్బున్నవారిలో స్థూలకాయం, చక్కెర, పోటు మామూలుకంటె ఎక్కువ. దిగులుతో పొగ మరిగేవారూ వుంటారు. 2006లో అమెరికా వైద్యులు, బ్రిటన్‌లో సోరియాసిస్ వున్న సుమారు 1,30,000 మంది రికార్డులు పరిశీలించారు. పొగ, చక్కెర, పోటుల లెక్క తీసివేసినా, జబ్బు తీవ్రంగా వున్న ముప్పై యేళ్ళవారికి గుండెపోటు భయం తక్కినవారికంటె మూడింతలని తేలింది. అరవై యేళ్ళవారికి మూడోవంతు ఎక్కువ. ముప్పైలో గుండెపోటు అసలే అరుదు గనుక మూడింతలని బెదరిపోనక్కరలేదు. 2018లో అమెరికా హృద్రోగ సంఘాలు కొలెస్టరాలుపై ఇచ్చిన సలహాలలో, ప్రమాదం పెంచేవాటి పట్టికలో సోరియాసిస్‌ను చేర్చాయి. అదే పట్టికలో దక్షిణాసియా సంతతి అనికూడా వున్నది. అంటే బావగారివంటి వారికి రెండు గీతలు పడ్డవన్నమాట.

కనుక ఇంట్లో ఈ జబ్బున్నవారుంటే పూతమందుతో సరిపెట్టక, ఏడాదికొకసారైనా పోటు, చక్కెర, కొలెస్టరాలు చూపించండి. పోటుకిచ్చే బీటాబ్లాకర్ల వంటి మందులు కొందరికి మచ్చలను రేపుతవి. స్టెరాయిడు మాత్రలు సొంతంగా వాడి హఠాత్తుగా మానివేస్తే జబ్బు మరింత చెలరేగవచ్చును. ఏదీ మీ అంతట మీరు మానకుండా, ఇద్దరు డాక్టర్లకూ రెండు జబ్బులూ చెప్పండి. సర్జాపురం రోడ్డులోని సెంట్ జాన్స్ వంటి పెద్ద ఆస్పత్రులలో రెండు విభాగాలూ ఒకే ఆవరణలో వుంటవి.

ఇప్పుడు పోటు చూసే యంత్రం అక్క ఇంట్లోనే వున్నది. ఆదివారం ఉదయం నేను వెళ్ళేసరికి బావగారు తలుపు దగ్గరగా వేయమంటారు. తరువాత చొక్కా చేయి మడుస్తారు.