బండి గతం చెప్పేదెవరు?

మా పిన్ని కొడుకు గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని అడిగాడు: "అన్నయ్యా, పదకొండున్నర లక్షలు పెట్టి షోరూమ్‌లో కొత్తది తీసుకోమంటావా, ఏడున్నరకి మూడేళ్ల బండి చూసుకోమంటావా?" రెండూ ఒకే కోవవి. నాలుగు మీటర్లలోపు పొడవు, కాస్త ఎత్తు, ముందు నుంచి చూస్తే దర్జా. మనమంతా ఎస్‌యూవీ అని పిలుచుకునేవే. చేతిలో లక్షన్నర ఉంది. మిగతాది అప్పే.

పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశాం. కొత్త బండికి పది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. నెలకు దాదాపు 16,090 రూపాయలు. పాత బండికి ఆరు లక్షల అప్పు చాలు. కాకపోతే పాతవాటికి వడ్డీ ఎక్కువ వేస్తారు కాబట్టి 13 శాతం అనుకున్నాం. గడువు నాలుగేళ్లు. నెలకు దాదాపు 16,100. కిస్తీ రెండింటికీ ఒక్కటే! కొత్త బండికి మాత్రం ఇంకో 36 కిస్తీలు, అంటే ఐదు లక్షల 79 వేల రూపాయలు అదనంగా కట్టాలి. వాడి కూతురు ఇప్పుడు ఏడో తరగతి. పాత బండి అప్పు ఆ పిల్ల ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా తీరిపోతుంది. కొత్త బండి అప్పు తీరేసరికి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉంటుంది. ఫీజులూ కిస్తీలూ ఒకే జీతంలోంచి పోవాలి.

షోరూమ్‌లో "నెలకు పదహారు వేలే సార్" అంటారు. ఎన్ని నెలలో మనం అడిగితేనే చెబుతారు. మధ్యతరగతి ఇంట్లో ఇల్లు, చదువులు, పెళ్లిళ్ల తర్వాత పెద్ద ఖర్చు కారే. ఆ ఖర్చు మీద ఇంట్లో జరిగే చర్చ మాత్రం రంగు దగ్గర మొదలై సన్‌రూఫ్ దగ్గర ముగుస్తోంది. నాకు బాధ కలిగించేది అదే.

అసలు ఈ తరహా బండి మన దేశంలో పుట్టిందే ఒక పన్ను కొలబద్ద వల్ల. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజిను 1200 సీసీ, డీజిలు ఇంజిను 1500 సీసీ దాటకూడదు. కంపెనీలు ఆ గీతకు అంగుళం లోపల ఆగి బండ్లు గీయడం మొదలుపెట్టాయి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతీ విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, 2020లో మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సోనెట్ వరసగా వచ్చాయి. బ్రెజా, వెన్యూ, సోనెట్ మూడింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే. మూడు సిలిండర్ల లీటరు ఇంజినుకు టర్బో తగిలించి బలం పుట్టించడానికీ ఆ 1200 సీసీ హద్దే కారణం.

జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇంకా లోతైంది. గీత లోపల ఉన్నవాటికి 18 శాతం, బయట ఉన్నవాటికి 40 శాతం. పొడవు నాలుగు మీటర్లలోపే ఉన్నా 1462 సీసీ పెట్రోలు ఇంజిను వల్ల బ్రెజా 40 శాతం వైపు పడింది. కాబట్టి పక్కపక్కనే నిలబడ్డ రెండు బండ్ల ధరల్లో తేడా కనిపిస్తే అదంతా నాణ్యత తేడా అనుకోనక్కర్లేదు. కొంత భాగం పన్ను. పాత బండి బేరంలోనూ ఇది పనికొస్తుంది. 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు ఉన్న రోజుల్లో కొన్న బిల్లు చూపించి "నాకు ఇంత పడింది" అని అమ్మేవాళ్లు అంటారు. వాళ్లు ఎంతకు కొన్నారన్నది మనకు అనవసరం. అదే బండి ఈరోజు కొత్తగా ఎంతకు వస్తుందో, అక్కడి నుంచి వయసును బట్టి తగ్గించుకుంటూ రావాలి.

ఎంత తగ్గించాలి? బీమా పాలసీలు రాసేటప్పుడు వాడే పట్టిక ఉంది. రెండు నుంచి మూడేళ్ల బండికి 30 శాతం, మూడు నుంచి నాలుగేళ్లకు 40 శాతం, నాలుగు నుంచి ఐదేళ్లకు 50 శాతం తరుగు. బజారు ధర అచ్చంగా దాన్నే అనుసరించదు. గిరాకీ ఉన్న మోడల్ దానికంటే ఎక్కువ పలుకుతుంది, కంపెనీయే దేశం వదిలి వెళ్లిపోయిన మోడల్ తక్కువకు దొరుకుతుంది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించాక ఎకోస్పోర్ట్ యజమానులకు అది అనుభవమైంది. అయినా ఆ పట్టిక చేతిలో ఉంటే అమ్మేవాడి మాటకు ఎదురు మాట ఉంటుంది.

ఇంతకీ ఇలాంటి బండి నిజంగా ఎస్‌యూవీయేనా అని మా తమ్ముడు అడిగాడు. కాదనే చెప్పాను. బొలెరోలాంటి వాటిలో నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం మీద బాడీ విడిగా కూర్చుంటుంది. వీటిలో అలా కాదు, మామూలు కార్లలాగే అంతా ఒకే కూర్పు, నడిచేది ముందు చక్రాల బలం మీద. మారుతీ ఫ్రాంక్స్ కింద ఉన్న పునాది బలెనో కారుదే. అయినంత మాత్రాన దీన్ని మోజు అని కొట్టిపారేయలేను. మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. తక్కువ ఎత్తు కారులోంచి లేవాలంటే ఇద్దరు చేతులు పట్టుకోవాలి. ఎత్తు బండిలో పక్కకు జరిగి తనే దిగుతుంది. మా ఊరి రోడ్డు మీద ఇళ్లవాళ్లు సొంతంగా కట్టుకున్న స్పీడు బ్రేకర్లకు 160 మిల్లీమీటర్ల కార్ల అడుగు గీరుకుంటుంది, 200 ఉన్నవి తేలిగ్గా దాటుతాయి. అవసరం నిజమైనదే.

ఇక్కడిదాకా లెక్కలన్నీ పాత బండి వైపే మొగ్గాయి. కానీ ఒక్క విషయంలో నేను తమ్ముణ్ని ఆపాను. మన దేశంలో కార్ల భద్రతకు 2023 దాకా ఒక యుగం, తర్వాత మరో యుగం. ముందు సీట్లలో ఇద్దరికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయిందే 2022 ప్రారంభంలో. కార్లను గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల విధానం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులను ప్రభుత్వం తప్పనిసరి చేస్తానని చివరకు చేయలేదు గానీ, పోటీ ఆ పని చేసింది. 2023 సెప్టెంబరులో కొత్త రూపంతో వచ్చిన నెక్సాన్ అన్ని రకాల్లోనూ ఆరు ఇచ్చింది. మరుసటి నెలలో హ్యుందాయ్ తన కార్లన్నింటికీ అదే ప్రకటించింది. అంటే 2021 నాటి కింది రకం బండిలో రెండే ఉంటే, నేటి కింది రకంలో ఆరు ఉంటున్నాయి. జారే రోడ్డు మీద బండిని పట్టి నిలిపే ఈఎస్‌సీ కూడా అంతే, ఒకప్పుడు పై రకాలకే దక్కేది.

అందుకే నా అభిప్రాయం ఇది: పిల్లలను కూర్చోబెట్టుకుని హైవే మీద తిరిగే కుటుంబం 2023 చివర్లోనో ఆ తర్వాతో తయారైన బండే చూడాలి, లేదా అంతకు ముందుదైతే ఎయిర్‌బ్యాగులూ ఈఎస్‌సీ ఉన్న పై రకం మాత్రమే. ఆ రెండూ దొరకకపోతే కొత్త బండిలో కింది రకమే మేలు. అలాయ్ చక్రాలు లేకపోయినా, పెద్ద తెర లేకపోయినా ఫరవాలేదు. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం రాసి ఉంటాయి. షోరూమ్ నుంచి బయటికొచ్చిన తేదీ కాదు, అది చూడాలి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్న ఈ రోజుల్లో ఆ తేదీకి ఇంకో ప్రయోజనం. 2023 ఏప్రిల్ తర్వాతి పెట్రోలు బండ్లు ఆ ఇంధనానికి తట్టుకునే సామగ్రితో వచ్చాయి. అంతకు ముందువాటిలో మైలేజీ కొంత తగ్గుతుంది, రబ్బరు గొట్టాలు, సీళ్లు మెకానిక్‌తో చూపించుకోవాలి.

డీజిలు సంగతి రెండు మాటల్లో చెబుతాను. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి దూరం పరుగెత్తాలి. ఇంటికీ బడికీ నాలుగు కిలోమీటర్లు తిరిగేవాళ్లు డీజిలు జోలికి పోవద్దు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బండ్ల మీద ఆంక్షల భయంతో ఏడెనిమిదేళ్లవి చవగ్గా అమ్ముడై మనవైపు వస్తాయి. ఆ చవకలో మన దగ్గర మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, ఎన్‌వోసీ, రిజిస్ట్రేషన్ మార్పు కలిపి చూస్తే మిగిలేది చాలా తక్కువ.

నాలుగు రోజుల తర్వాత ఇద్దరం ఒక పట్టణంలో పాత బండ్లు అమ్మే చోటుకు వెళ్లాం. ఎర్ర రంగు బండి, అద్దంలా మెరుస్తోంది. మీటరులో 28 వేల కిలోమీటర్లు. ధర ఆరు లక్షల 40 వేలే. ఎందుకింత తక్కువ అంటే "ఓనరుకు అర్జెంటు" అన్నారు. మాతో వచ్చిన మెకానిక్ ఇంజిను ముట్టుకోలేదు. వెనక సీటు బెల్టును చివరిదాకా లాగాడు. లోపల చుట్టలో ఉండిపోయే భాగం మీద అడ్డంగా మట్టి చార ఉంది. తర్వాత ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి, సీటు జరిగే పట్టాల బోల్టులు చూపించాడు. తుప్పు. బండి నీళ్లలో నానింది. ఎన్నాళ్లు, ఏ ఊళ్లో అంటే ఎవరూ చెప్పలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై మునిగాయి. ఇలా మునిగి, బీమా లెక్కలో పూర్తి నష్టంగా రాసిన బండ్లలో కొన్ని తుక్కుగా వేలంలో అమ్ముడై, కడిగించుకుని మళ్లీ రోడ్డెక్కుతాయి. బురద నీళ్లు తాగిన వైర్ల జాయింట్లు ఏడాదికో రెండేళ్లకో లోలోపల పాడవుతాయి. ఎయిర్‌బ్యాగును పేల్చాల్సిన సంకేతం వెళ్లేదీ ఆ వైర్లలోంచే. ఆరు ఎయిర్‌బ్యాగులు చూసి కొన్నా ప్రమాదం రోజున అవి తెరుచుకోకపోవచ్చు.

మెకానిక్ మాతో లేకపోతే తమ్ముడు ఆ బండే కొనేవాడు. ఎందుకంటే కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. వాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి చూస్తే రిజిస్ట్రేషన్, బీమా గడువు, బ్యాంకు అప్పు ఉందా లేదా అన్నీ కనిపించాయి. మునిగిందని మాత్రం ఎక్కడా లేదు. ఇక్కడే ప్రభుత్వాలను నిలదీయాలనిపిస్తుంది. బండి పూర్తి నష్టం కింద పరిహారం చెల్లించిన బీమా కంపెనీకి దాని నంబరు, ఛాసిస్ నంబరు తెలుసు. ఆ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌లోనే ఉంది. ఆ సమాచారం వాహన్‌లోకి ఒక గడిగా చేరితే చాలు, అలాంటి బండి బాగుందని నమ్మి మోసపోయే కుటుంబం ఉండదు. అమెరికాలో బీమా కంపెనీలు, తుక్కు వ్యాపారులు పూర్తి నష్టంగా రాసిన బండ్ల వివరాలను జాతీయ సమాచార నిధికి ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. అక్కడ చదువుకునే మన పిల్లలు పాత కారు కొనేముందు దాని ఛాసిస్ నంబరు కొట్టి బండి గతం చదువుకుంటారు. అదే పిల్లాడి తండ్రి ఇక్కడ బెల్టు లాగి మట్టి చార వెతుక్కోవాలా?

పాత బండ్ల వ్యాపారులకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి పత్రం ఉండాలని, అమ్మకానికి వచ్చిన బండి వాళ్ల చేతికి అందినట్టు ఆ అధికారికి తెలియజేయాలని 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. మంచి నిబంధనలు. ఆ పత్రం చూపించమని మేం అడిగితే ఆ అమ్మకందారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆర్టీయే కార్యాలయాలు ఏడాదికోసారి తమ పరిధిలోని ఇలాంటి చోట్లకు వెళ్లి ఆ ఒక్క కాగితం చూసినా ఎంతో మారుతుంది. తమ బండి అమ్ముకునే యజమానులకు కూడా ఇది అవసరమే. సంతకాలు పెట్టి తాళాలు ఇచ్చేస్తే బాధ్యత తీరిందనుకుంటారు. ఆర్సీలో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం పాత యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

తమ్ముడు చివరకు తన మండలంలోనే పనిచేసే ఒక సహోద్యోగి బండి కొన్నాడు. 2023 నవంబరు తయారీ, పెట్రోలు, ఆరు ఎయిర్‌బ్యాగులు, 31 వేల కిలోమీటర్లు, ఏడు లక్షల 80 వేలు. ఎర్ర బండి కంటే లక్షా 40 వేలు ఎక్కువ. బండి ఎక్కడ ఆగింది, ఎవరు నడిపారు, ఏ పండగకు ఏ ఊరు వెళ్లింది వాడికి ముందే తెలుసు. బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35 చేతికి తీసుకుని, 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాక, పద్నాలుగు రోజుల్లోపు బీమా కూడా తన పేరుకు మార్పించుకున్నాడు. సర్వీసు బిల్లులన్నీ ఒక పాలిథిన్ కవరులో పెట్టి ఇచ్చింది ఆ టీచరమ్మ, మొదటి సర్వీసు నుంచి వరసగా.