మాటకూ ఒక పరీక్ష

“నీకు బుర్ర లేదు” అని ఎవరైనా తరగతిలో నలుగురి ముందు అన్నా, ఫోనులో రాసినా ఆ పూట అన్నం సహించదు. అటువంటి మాటను ఎలా తీసుకోవాలి? ఒక శాస్త్రజ్ఞుడి అనుభవం చూద్దాం.

నేల మీద చదరపు పలకలు సందు లేకుండా అమరుతాయి. సమబాహు త్రిభుజాలూ, క్రమ షడ్భుజాలూ అంతే. క్రమ పంచభుజాలను అట్టతో కత్తిరించి పేర్చి చూడండి, సందులు మిగిలిపోతాయి. స్ఫటికంలో పరమాణువుల అమరిక మళ్ళీ మళ్ళీ ఒకేలా వస్తుంది కనుక అందులో పంచభుజ సౌష్ఠవం అసాధ్యమని పాఠ్యగ్రంథాలు చెప్పేవి.

1982 ఏప్రిల్ 8న ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు డాన్ షెక్ట్‌మన్ అమెరికాలోని ఒక ప్రయోగశాలలో, అతివేగంగా చల్లార్చిన అల్యూమినియం, మాంగనీసు మిశ్రమలోహాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరిశీలించాడు. వలయంగా పది చుక్కలు కనిపించాయి. అంటే, అసాధ్యమన్న సౌష్ఠవమే!

తోటివారు నవ్వారు. పాఠ్యపుస్తకం చేతికిచ్చి చదువుకోమన్నారు. పరిశోధక బృందం నుంచి వెళ్ళిపొమ్మన్నారు. ఇది హేళన. మరొక అభ్యంతరం కూడా వచ్చింది: అతుక్కుపోయిన కవల స్ఫటికాల వల్ల అలా కనిపించి ఉండవచ్చు కదా? ఇది విమర్శ. దీన్ని పరీక్షించవచ్చు. ఆయన కవల స్ఫటికాల కోసం వెదికాడు. అవి కనబడలేదు.

1984లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పౌలింగ్ మాత్రం 1994లో మరణించేదాకా వాటిని ఒప్పుకోలేదు. అయినా 1992లో స్ఫటికం నిర్వచనమే మారింది. 2011లో షెక్ట్‌మన్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

విమర్శకు గురైన ప్రతివారి మాటా నిజమవుతుందని నేననడం లేదు. ఒకవేళ కవల స్ఫటికాలే కనబడి ఉంటే? ఆయన ఫలితం తప్పయ్యేది. మనిషిగా ఆయన విలువ మాత్రం వీసమెత్తు తగ్గేది కాదు. నేను చెప్పదలచింది ఇదే.

కనుక ఎవరేమన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ మాట నా పని గురించా, నా గురించా? “మూడో లెక్కలో గుర్తు తప్పింది” అంటే మళ్ళీ చేసి చూడండి, తప్పుంటే దిద్దుకుని, చెప్పినవారికి కృతజ్ఞత తెలపండి. “నీవు దేనికీ పనికిరావు” అన్నదాన్ని తూచే త్రాసు ఏ ప్రయోగశాలలోనూ లేదు. తూచలేని మాటను నిజమని నమ్మడం శాస్త్రీయం కాదు.

అటువంటి మాటలు రోజూ వెంటాడుతుంటే మాత్రం మనసులో దాచుకోకండి. ఇంట్లో పెద్దలకో, మీ ఉపాధ్యాయులకో వెంటనే చెప్పండి.