పొట్టేలు ఆయనది, కొండ మనందరిదీ

14 ఏళ్ళు దరఖాస్తు పెట్టగా పెట్టగా ఈసారి మావారికి బిగ్‌హార్న్ పొట్టేలు వేట పర్మిట్ వచ్చింది. కొలరాడోలో ఇది చిన్న విషయం కాదండీ. ముందు 3 పాయింట్లు కూడబెట్టుకోవాలి, ఆ తర్వాతే అసలు లాటరీ. చాలామందికి జన్మలో తగలదు.

విషయం తెలియగానే సలహాలు మొదలయ్యాయి. మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో ఒకావిడ, "పాపం మూగజీవం, నువ్వెలా ఒప్పుకున్నావ్?" అంది. ఆవిడ ప్లేట్లో మేకమాంసం బిర్యానీ! ఆ వాదన నేను పెట్టుకోను. కొమ్ములు తెచ్చుకుని మాంసం కొండమీద వదిలేస్తే ఇక్కడ నేరం. పైగా ఈ మందల్ని కుప్పకూలుస్తున్నది లెక్కపెట్టి ఇచ్చే పర్మిట్లు కాదు, పెంపుడు గొర్రెల నుంచి అంటుకునే న్యుమోనియా.

నాకు ఒళ్ళు మండేది రెండో సలహాకి. "ఆయన కల కదమ్మా, అడ్డు రాకు" అని ఫోన్లో అత్తయ్యగారు, ఇక్కడ స్నేహితురాళ్ళు కూడా. ఆ ప్లాన్లో నేనెక్కడున్నానని అడిగితే అడ్డు రావడమా?

మే నెల నుంచి మా డైనింగ్ టేబుల్ మీద కంచాలు లేవు, మ్యాపులే. జూలైలో వారాంతాలన్నీ చెట్లు కూడా మొలవని ఎత్తులో, 12 వేల అడుగుల పైన, దుర్భిణీతో పొట్టేళ్ళని వెతకడానికి. సెప్టెంబరులో 10 రోజులు అసలు వేట. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి డిసెంబరులో వెళ్దామని దాచుకున్న సెలవులు ఇందులోనే కరిగిపోయాయి. నన్నెవరూ అడగలేదు.

సెలవుల సంగతి వదిలేద్దాం. రెండేళ్ళ క్రితం ఎల్క్ వేటకి వెళ్ళి ఆదివారం రాత్రి వస్తానన్న మనిషి సోమవారం మధ్యాహ్నానికి వచ్చారు. దెబ్బతిన్న ఎల్క్‌ని వెతుక్కుంటూ పక్క లోయలోకి దిగారట. ఈలోగా నేను షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఏ దారిలో ఎక్కారు, టెంటు ఏ రంగు, తోడు ఎవరు అని అడిగారు. నాకు తెలిసింది మా కారు నంబరొక్కటే. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కానీ ఆ సిగ్గు నాదొక్కదానిదేనా?

ఎదిగిన పొట్టేలు 130 కిలోల దాకా తూగుతుంది. తల, కొమ్ములే 13 కిలోలు ఉండొచ్చు. మాంసం, టెంటు, తుపాకీ కలిపితే ఒక్క మనిషి ఒక్కసారిలో మొయ్యలేడు. మధ్యాహ్నమైతే పిడుగులు, సెప్టెంబరులో మంచు కూడా. ఎక్కడ దొరుకుతుందన్న లెక్కలు మావారి దగ్గర పుస్తకమంత ఉన్నాయి. ఎలా దిగాలన్నది ఒక్క పేజీ కూడా లేదు. వెతికే కష్టం ఆయనకి ముద్దు, దిగే కష్టం "అప్పుడు చూసుకుందాం". బియ్యం కడగకుండా పెళ్ళి భోజనానికి పిలిచినట్టుంది.

"ఇది పబ్లిక్ ల్యాండ్, ఎవరి అనుమతీ అక్కర్లేదు" అంటారు గర్వంగా. నిజమే, ప్రభుత్వ అడవి, అందరిదీ. అందులో నా వాటా కూడా ఉందిగా మరి!

అందుకే ఆడవాళ్ళకి చెబుతున్నా: వెళ్ళొద్దని ఏడవకండి, నవ్వుతూ డబ్బాల్లో పులిహోర సర్ది పంపించెయ్యకండి కూడా. మ్యాపు ముందు కూర్చోండి. ఏ దారి, ఎవరు తోడు, ఏ గంటకి ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలి, ఇవి మీ చేత్తో కాగితం మీద రాసుకోండి. శాటిలైట్ మెసేజ్ పరికరం అద్దెకైనా తీసుకోమనండి, పాత రైఫిల్ స్కోపు బావుంటే ఇంకో ఏడాది వాడుకోవచ్చు.

మొన్న శనివారం నేనూ కూర్చున్నాను. నిటారు బండల మధ్య ఒక గిన్నెలాంటి లోయకి ఆయన నక్షత్రం గుర్తు పెట్టుకున్నారు. "ఇక్కడ కాలిస్తే కిందకి ఎలా తెస్తారు?" అన్నాను. సమాధానం లేదు. ఎర్రపెన్నుతో దానిమీద ఇంటు కొట్టాను. అప్పటినుంచి ముభావంగా ఉన్నారు. ఇంటు మాత్రం చెరపలేదు.